ముప్పై ఒకటో ఏట మొదటి గేరు

భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి నుంచి నదికి ఎదురుగా కొండల్లోకి వెళితే, అదే గోస్తని బొర్రా గుహల్లోంచి పారుతూ కనిపిస్తుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం కారున్నవాళ్లకి ఒక పూట ప్రయాణం. నాకు మాత్రం పది నెలలు పట్టింది.

ఎందుకంటే, బయల్దేరాలనుకున్న రోజుకి నాకు బండి నడపడం రాదు.

మెట్ల కింద బండి

మా నాన్న కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాట్ దాకా ఆయన తిరగని మలుపు లేదు. అర్ధరాత్రి గాలివానకి చెట్టు పడి తీగ తెగిందంటే, మెడలో తువ్వాలు, సీటు వెనక తాడు కట్టిన సంచి, కింద స్ప్లెండర్. మా చిన్నప్పుడు నాన్న వస్తున్నారని చెప్పేది ఆ బండి చప్పుడే. వీధి చివర గేరు తగ్గించేవారు. ఆ చప్పుడుకి అమ్మ పొయ్యి మీద టీ పెట్టేది.

మూడేళ్ల కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. ఫిజియోథెరపీతో నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది. ఎడమ చేతి పట్టు మాత్రం రాలేదు. బండి నడిపేవాళ్లకి ఎడమ చెయ్యి అంటే క్లచ్. క్లచ్ పట్టలేకపోతే గేరు లేదు, గేరు లేకపోతే బండి లేదు. అలా 2009 మోడల్ స్ప్లెండర్ మధురవాడలో మా ఇంటి మెట్ల కిందకి, పాత ఫ్లెక్సీ ముసుగు కిందకి వెళ్లిపోయింది.

పోయిన జనవరిలో పాత బళ్లు కొనే ఆయన వచ్చి ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. నాన్న సరేనన్నారు. అనేసి లోపలికి వెళ్లిపోయారు. బేరం కూడా ఆడలేదు. పావుకిలో వంకాయల దగ్గర పది నిమిషాలు బేరమాడే మనిషి! అది చూసి నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

"అమ్మొద్దు నాన్నా. నేను నేర్చుకుంటాను."

అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నీకు ముప్పై ఒకటి. ఇప్పుడు బండి నేర్చుకుంతావేటి? కావాలంటే స్కూటీ కొనుక్కో" అంది. ఆఫీసులో చెబితే అక్కడా అదే మాట. "గేర్ల బండి మీకెందుకండీ?" అని అడిగినవాళ్లలో సగం మందికి ఈత రాదు, వంట రాదు. వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు.

నిజం చెప్పనా? నాకూ భయమే. పద్దెనిమిదేళ్లప్పుడు నేర్చుకునేవాళ్లకి పడితే ఏమవుతుందో తెలీదు. ముప్పై దాటినవాళ్లకి ఈఎంఐ తెలుసు, హాస్పిటల్ బిల్లు తెలుసు, ఇంట్లో ఎవరు మన మీద ఆధారపడ్డారో తెలుసు. పెద్దయ్యాక నేర్చుకోవడంలో కష్టం అదే. మంచి కూడా అదే. ఆ భయమే మనచేత హెల్మెట్ స్ట్రాప్ పెట్టిస్తుంది.

ముందు కాగితాలు

ఈ భాగం బోరే, త్వరగా చెప్పేస్తాను. ముందు ఎల్ఎల్ఆర్. సారథి పోర్టల్‌లో అప్లై చేసి, స్లాట్ తీసుకుని, రోడ్డు గుర్తుల మీద చిన్న పరీక్ష రాస్తే వచ్చేస్తుంది. దాని గడువు ఆరు నెలలు. వచ్చిన 30 రోజుల తర్వాత అసలు లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. అప్పటిదాకా బండికి ముందూ వెనకా ఎర్ర 'ఎల్' ఉండాల్సిందే. వెనక సీట్లో, మనకి నేర్పే లైసెన్సున్న మనిషి తప్ప, ఎవరినీ ఎక్కించుకోకూడదు. అప్లికేషన్‌లో 'గేర్లున్న మోటార్ సైకిల్' అని ఎంచుకుంటే ఆ లైసెన్సుతో గేర్లు లేని స్కూటర్ కూడా నడపొచ్చు. స్కూటర్‌ది తీసుకుంటే మాత్రం గేర్ల బండి నడపకూడదు.

మా బండికి ఇంకో చిక్కు. సొంత బళ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ఇస్తారు. 2009 బండి గడువు 2024లోనే ముగిసింది. ఫిట్‌నెస్ చూపించి, ఫీజు కట్టి, ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించాం. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తవి. మెకానిక్ కొత్త టైర్లు, బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్, బ్యాటరీ, చైను, ఆయిల్ అన్నీ వేసి ఆరు వేల చిల్లర బిల్లు చేతిలో పెట్టాడు. ఎనిమిది వేల బండికి ఆరు వేల రిపేరు! అమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే పెద్ద తిట్టు.

వెంచర్‌లో బడి

మన ఊళ్లలో బండి నేర్చుకోడానికి దేవుడిచ్చిన గ్రౌండ్ ఒకటుంది, రియల్ ఎస్టేట్ వెంచర్. ఆనందపురం వైపు ఒక వెంచర్‌లో నున్నటి తారు రోడ్లు, రాళ్లు పాతిన ప్లాట్లు, ఒక ఆర్చి, రెండు గేదెలు. మనుషులు లేరు. శని, ఆదివారాలు తెల్లవారే ఆటోలో నాన్న, ఒక ప్లాస్టిక్ కుర్చీ, వెనకాలే బండి తెచ్చే మెకానిక్ కుర్రాడు. నాన్న కుర్చీ ఈస్ట్ ఫేసింగ్ కార్నర్ ప్లాట్‌లో వేసేవాళ్లం.

మొదటి రోజు ఇంజిన్ స్టార్ట్ కూడా చెయ్యనివ్వలేదు. "తోసుకుంటూ తిరుగు" అన్నారు. 110 కిలోలకి అటూ ఇటూ ఉండే బండిని తోస్తూ ఎడమ పక్క నడిచాను, కుడి పక్క నడిచాను, స్టాండు వేశాను, తీశాను. చిరాకొచ్చింది. కానీ గంటయ్యేసరికి ఒక సంగతి అర్థమైంది. బండి నిలువుగా ఉన్నంతసేపు దాని బరువు మనకి తెలీదు. కొంచెం ఒరిగిందా, మొత్తం బరువు మన మీదే. అది చేతులకి తెలియాలి, మెదడుకి కాదు.

రెండో రోజు క్లచ్. "పూర్తిగా పట్టుకో. మొదటి గేరు వెయ్యి. ఇప్పుడు ఎక్సలేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదులు. ఒక చోట బండి ఊపిరి పీల్చినట్టు అవుతుంది. అక్కడ ఆగు."

నిజంగానే అవుతుంది. ఇంజిన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది, బండి ముందుకి జరగబోతుంది. మనవాళ్లు 'హాఫ్ క్లచ్' అనేది దాన్నే. ఇంజిన్ తిరుగుతుంటుంది, చక్రం ఆగి ఉంటుంది. ఆ రెండింటినీ ఒక్కసారి కలిపితే ఇంజిన్ ఆగిపోతుంది లేదా బండి ఎగిరి దూకుతుంది. మెల్లగా, కొంచెం జారనిస్తూ కలపడమే క్లచ్ పని. కొత్తవాళ్లు సగం దాకా బాగానే వదిలి, బండి కదలగానే కంగారులో మొత్తం వదిలేస్తారు. నేను ఆ రోజు ఇరవై మూడుసార్లు ఆపేశాను. నాన్న లెక్కపెట్టారు.

ఆ రోజంతా నేను చేసింది ఇదొక్కటే. రెండు కాళ్లూ నేల మీద ఈడుస్తూ, క్లచ్‌తోనే పది అడుగులు వెళ్లడం, ఆగడం. మళ్లీ పది అడుగులు. ఎక్సలేటర్ లేదు, రెండో గేరు లేదు. గేదెలు కూడా నన్ను చూడటం మానేశాయి.

ఇంకో మాట. నాన్న స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకే, కాలి మునివేళ్లతో కిందకి నొక్కడమే. ఇప్పుడొచ్చే చాలా బళ్లలో మొదటి గేరు కిందకి, మిగతావి పైకి. మీరు ఏ బండి మీద నేర్చుకుంటున్నా, వేరే బండి ఎక్కినప్పుడు ముందుగా ఈ ఒక్కటి అడిగి తెలుసుకోండి.

ముందు బ్రేకు గొడవ

నాన్నకీ నాకూ పెద్ద గొడవ జరిగింది బ్రేకు దగ్గర.

"ముందు బ్రేకు ముట్టుకోకు. పల్టీ కొడతావు. వెనక బ్రేకు చాలు." ముప్పై ఏళ్లు బండి నడిపిన మనిషి మాట. మన దగ్గర దాదాపు ప్రతి నాన్నా, బాబాయీ చెప్పే మాట కూడా ఇదే.

మా ఆఫీసులో ఒక జూనియర్ ఉంది, ఇరవై నాలుగేళ్ల పిల్ల, పెద్ద బండి మీద ఒడిశా దాకా వెళ్లొచ్చింది. నా మాట విని నవ్వింది. "అక్కా, బ్రేకు వేసినప్పుడు బస్సులో మనం ఎటు తూలుతాం?" ముందుకి. "బండి బరువు కూడా అంతే. ముందు చక్రం మీదకి వస్తుంది. ఆ చక్రమే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. వెనకది తేలికైపోతుంది. దాన్ని గట్టిగా తొక్కితే ఏమవుతుంది? చక్రం ఆగి బండి పక్కకి ఈడుస్తుంది. రెండూ వాడాలి, ముందుదే ఎక్కువ వాడాలి."

ఇది ఇంట్లో చెబితే నాన్నకి కోపమొచ్చింది. "నేను ఘాట్‌లో ముప్పై ఏళ్లు తిరిగానమ్మా" అన్నారు. నేనేం అంటాను?

తర్వాతి ఆదివారం వెంచర్‌లో పందెం వేశాం. రోడ్డు పక్కన ఒక ఇటుక పెట్టాం. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఇటుక దగ్గర బ్రేకు మొదలుపెట్టాలి. జూనియర్ తన హెల్మెట్ పెట్టుకుని మా స్ప్లెండర్ మీదే మూడుసార్లు వెనక బ్రేకుతో ఆపింది, మూడుసార్లు రెండు బ్రేకులతో. ఆగిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత. నాన్న కుర్చీలోంచి లేచి, కర్ర పట్టుకుని, అడుగులు వేసుకుంటూ రెండు గుంపుల గీతల మధ్య దూరం కొలిచారు. ఒక బండి పొడవు కంటే ఎక్కువే తేడా.

చాలాసేపు గీతలనే చూశారు. తర్వాత, "అంటే ఇన్నాళ్లూ సగం బ్రేకుతోనే తిరిగానన్నమాట" అన్నారు.

ఆయన గొంతులో ఓడిపోయిన బాధ లేదు. గీతలకి అవతల, రోడ్డు మీద ఇంకేదో కనిపిస్తున్నట్టుంది. ఏ రాత్రి, ఏ మలుపు దగ్గర, ఏది కొంచెంలో తప్పిందో. నేను అడగలేదు.

అప్పటి నుంచి పాఠం మారింది. "ముందు బ్రేకు నిమ్మకాయ పిండినట్టు వెయ్యి. ఒక్కసారిగా గుంజొద్దు. మెల్లగా మొదలెట్టి బిగించు." 125 సీసీ దాటిన కొత్త బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. చక్రం బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది. మాలాంటి పాత డ్రమ్ బ్రేకు బళ్లకి మన వేళ్లే ఏబీఎస్.

ఎనిమిది

ఏప్రిల్‌లో లైసెన్సు పరీక్ష. కాలు కింద పెట్టకుండా ఎనిమిది ఆకారంలో తిరగాలి. దీని రహస్యం ఒకటే, చూపు. చక్రాన్ని చూస్తే చక్రం దగ్గరే పడతాం. మలుపు చివరికి చూస్తే చేతులు వాటంతట అవే అటు తిరుగుతాయి. బండి మీద మనం ఎటు చూస్తే అటే వెళ్తాం. గుంతని చూస్తూ తప్పించుకోవాలనుకుంటే సరిగ్గా గుంతలోకే వెళ్తాం. మెడ తిప్పాలి, కళ్లు మాత్రమే తిప్పితే చాలదు.

నా వంతు వచ్చేసరికి చుట్టూ పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు. నన్ను చూసి ఒకడు, "ఆంటీ, స్కూటీ లైను అటు" అన్నాడు. పాపం, సాయం చేద్దామనే. నేను ఎనిమిది వేసి వచ్చాను. వాడు కాలు పెట్టేశాడు. నవ్వలేదు, ఒట్టు. ఇంటికొచ్చాక నవ్వాను.

భీమిలి రోడ్డు

విశాఖలో కొత్తగా బండి నేర్చినవాళ్లు ముందుగా వెళ్లేది భీమిలికే. ఆర్‌కే బీచ్ నుంచి లెక్కేస్తే 30 కిలోమీటర్లకి కొంచెం తక్కువ. మేం రుషికొండ దగ్గర ఎక్కుతాం కాబట్టి ఇంకా తక్కువ. కుడి వైపు సముద్రం, ఎడమ వైపు కొండలు. ఆదివారం ఉదయం ఆరింటికి ముందైతే ట్రాఫిక్ ఉండదు. ఏడు దాటాక ఊరంతా అక్కడే.

ఏప్రిల్ చివరి ఆదివారం. మొదటిసారి నాలుగో గేరు వేసింది ఆ రోడ్డు మీదే. నలభై వేగానికే గాలి హెల్మెట్‌ని నొక్కుతోంది. బస్సులో ఇరవైసార్లు వెళ్లిన రోడ్డు, కానీ ఎప్పుడూ చూడని రోడ్డు. కారులో కిటికీలోంచి సముద్రాన్ని చూస్తాం. బండి మీద దాని ఉప్పు పెదాలకి తగులుతుంది. ఎండుచేపల వాసన వస్తే ఊరొచ్చిందని తెలుస్తుంది. జీడిమామిడి తోట నీడ పడితే చేతులకి చల్లగా తగులుతుంది.

ఎడమ వైపు తొట్లకొండ. నీళ్ల కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. కొండ మీదకి రోడ్డుంది, పైనుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఇంకా ముందుకెళితే ఎర్రమట్టి దిబ్బలు, వేల ఏళ్లుగా గాలీ నీరూ చెక్కిన ఎర్ర ఇసుక గోడలు. జాతీయ భూవారసత్వ స్థలం అది. రీల్స్ కోసం దిబ్బల మీదకి బండి ఎక్కించొద్దు. బయట పెట్టి నడిచి వెళ్లండి.

వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంది. భీమిలిలో లైట్‌హౌస్ చూశాను, డచ్చివాళ్ల సమాధులు చూశాను, గోస్తని సముద్రంలో కలిసే చోట పడవల పక్కన నిలబడి నాన్నకి వీడియో కాల్ చేశాను. "ఈ నీళ్లు ఎక్కడివో తెలుసా?" అన్నారు. "బొర్రా నుంచి. పెద్దలు ఓ కథ చెప్తారు. ఆవు పైనుంచి గుహలో పడిపోతే, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం కనబడిందంట. ఆవు పొదుగు పేరే నదికి వచ్చింది. తాటిపూడి రిజర్వాయర్ కూడా ఈ నది మీదే కట్టారు. ఆ నీళ్లు మన ఊరోళ్లు తాగుతున్నారు." తర్వాత కొంచెం ఆగి, "నేను మళ్లీ బొర్రా చూస్తానో లేదో" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మంగమారిపేట దగ్గర పడ్డాను.

కొబ్బరి బోండాల బండి చూసి రోడ్డు పక్కకి తిప్పాను. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తారు మీద పలచగా పరుచుకుని ఉంది. హ్యాండిల్ తిరిగి ఉండగానే ముందు బ్రేకు పిండాను. పది కిలోమీటర్ల వేగం కూడా లేదు. ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు జారింది. నేనొక పక్క, బండొక పక్క.

చేపల గంప దించి ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. "ఏటమ్మా, దెబ్బేటైనా తగిలిందేటి?" అంటూ, నా కంటే ముందు బండిని లేపేసింది. మోచెయ్యి గీరుకుపోయింది. మోకాలికి ప్యాడ్ ఉంది కాబట్టి ప్యాడ్ గీరుకుపోయింది. హెల్మెట్ నేలకి తగల్లేదు. ఆవిడ నాకు నీళ్లిచ్చి, "మా మావ కూడా ఇక్కడే పడ్డాడు. ఇసకమ్మా ఇది" అంది.

ఇంటికొచ్చేదాకా ఏడవలేదు. నాన్న ముందు కూర్చుని ఏడ్చాను. "నువ్వు చెప్పిందే నిజం నాన్నా, ముందు బ్రేకే పడేసింది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "రెండూ నిజమే. రోడ్డు శుభ్రంగా ఉండి, బండి నిలువుగా ఉంటే ముందు బ్రేకు కాపాడుతుంది. ఇసక మీద, తిప్పుడులో పడేస్తుంది. నేను ఘాట్‌లో కంకర మీద నేర్చుకున్నాను, అందుకే దాన్ని ముట్టుకోలేదు. నువ్వు వెంచర్‌లో తారు మీద నేర్చుకున్నావు, అందుకే నమ్మేశావు."

అమ్మ మోచేతికి మందు రాస్తూ, "రేపు బండి తియ్యకు" అంది. ఎల్లుండి తియ్యొచ్చు అని అర్థం చేసుకున్నాను.

మొదటిసారి బండి ఎక్కేవాళ్లకి

- హెల్మెట్ ఫుల్ ఫేస్, ఐఎస్ఐ మార్కుతో. పెట్టుకుని తల అడ్డంగా ఊపితే హెల్మెట్ బుగ్గలతో పాటు కదలాలి. స్ట్రాప్ పెట్టకపోతే అది టోపీతో సమానం. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి.
- చెప్పులు వద్దు, చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. గ్లవ్స్ కూడా. పడినప్పుడు నేలకి ముందు తగిలేది అరచేతులే.
- చున్నీ, చీర కొంగు చక్రానికీ చైనుకీ దూరంగా. చున్నీని నడుముకి కట్టి, కొసలు లోపలికి దోపుకోండి. వెనక కూర్చున్న అమ్మకి కూడా ఇది చెప్పండి.
- 40 వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు వెళ్తుంది, 60లో దాదాపు 17 మీటర్లు. మీరు ప్రమాదం చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే అంత దూరం అయిపోతుంది. ముందు బండికి కనీసం రెండు సెకన్ల దూరం ఉంచండి.
- తొలకరి వాన పడిన మొదటి గంట రోడ్డు బాగా జారుతుంది. దుమ్మూ ఆయిలూ తడిసి పైకి తేలతాయి. మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా గీతల మీద బ్రేకు వెయ్యొద్దు, బండి వంచొద్దు.
- పక్కన ఉన్న స్నేహితుడి వేగం మీ వేగం కాదు. వెనకబడితే వెనకబడండి. మంచి స్నేహితులైతే టీ కొట్టు దగ్గర ఆగుతారు.

ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లో దిగు

తర్వాత ఏడు నెలలు రోజూ బండి మీదే ఆఫీసుకి వెళ్లాను. వానలో, హైవే మీద, కొమ్మాది జంక్షన్ సాయంత్రం రద్దీలో. ఘాట్ ఎక్కాలంటే ఊళ్లో అలవాటవ్వాలి. లైసెన్సు వచ్చిన వారానికే అరకు వెళ్లేవాళ్లని చూశాను. వాళ్లలో కొందరు మినీ వ్యాన్‌లో తిరిగొచ్చారు, బండితో సహా.

డిసెంబరులో అసలు ప్లాను వేశాం. నాన్న వెనక కూర్చుంటానన్నారు. చాలా ఆశపడ్డారు. నేను వద్దన్నాను. ఎడమ చెయ్యి పట్టు లేని మనిషి ఘాట్ మలుపుల్లో వెనక సీట్లో ఎలా ఉంటారు? ఆ మాట చెప్పడం క్లచ్ కంటే, ఘాట్ కంటే కష్టమైంది. ఒక రోజంతా ఆయన నాతో మాట్లాడలేదు. రెండో రోజు ఆయనే, "రైలు ఉంది కదా" అన్నారు.

కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకి తేవడానికి వేసిన ఆ లైను మీదే అరకు వెళ్లే ప్యాసింజర్ నడుస్తుంది. కొండల్ని తొలిచిన సొరంగాలు యాభైకి పైనే. ఒక్కో సొరంగంలో పిల్లలు పెట్టే కేకలు వినాలంటే మామూలు బోగీలోనే ఎక్కాలి. బొర్రా గుహల పక్కనే స్టేషన్. అమ్మా నాన్నా రైల్లో, నేనూ జూనియర్ బళ్ల మీద. బొర్రాలో కలవాలి.

తెల్లవారి ఐదున్నరకి బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట. ఎస్.కోటలో ఇడ్లీ తిని, ట్యాంకు నింపి, టైర్లలో గాలి చూపించుకున్నాం. కొండ ఎక్కే ముందు పెట్రోలు ఇక్కడే కొట్టించుకోవడం మంచిది. బొడ్డవర దాటాక రోడ్డు పైకి లేస్తుంది, చెట్లు దగ్గరకొస్తాయి, గాలి మారుతుంది. హెల్మెట్ అద్దం మంచుకి మసకబారింది.

నాన్న చెప్పినవి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లే ముందే వేగం తగ్గించు, గేరు మార్చు. ఇంజిన్ ఏడవకముందే రెండో గేరుకి రా. కనబడని మలుపులో హారన్ కొట్టు, ఎడమ అంచు వదలకు. ఎదురొచ్చే బస్సు తిరగడానికి నీ సగం రోడ్డు కూడా వాడుకుంటుంది, కోపం తెచ్చుకోకు, చోటివ్వు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. కోతులున్న చోట ఆగి బిస్కెట్ తీయకు.

త్యాడ దాటాక ఒక మలుపులో కరెంటు స్తంభం కనిపించింది. లోయ అంచున, తీగలు అవతలి కొండకి వెళ్తున్నాయి. ఒక్కసారి బండి పక్కకి తీసి ఆపాను. ఇలాంటి చోట, అర్ధరాత్రి, వానలో, ఒక్కడే స్తంభం ఎక్కేవారు. మాకు ఇంట్లో లైటు వెలిగేది, ఫ్యాను తిరిగేది, అంతే తెలుసు. నాన్న ఉద్యోగానికి వెళ్లారు అని మేం అనుకున్న చోటు ఇదా? జూనియర్ వెనక్కొచ్చి, "అక్కా, బండి ట్రబులా?" అంది. "కాదు, చూస్తున్నా" అన్నాను.

బొర్రా స్టేషన్

రైలు మా కంటే ముందే వచ్చేసింది. అమ్మ స్టేషన్ బయట బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. నాన్న నిలబడే ఉన్నారు, కర్ర మీద చెయ్యి, చెవి రోడ్డు వైపు. నేను కనబడకముందే అమ్మతో, "అదిగో, గేరు తగ్గించింది" అన్నారట. అమ్మే చెప్పింది.

గుహల్లోకి నాన్న దిగలేరు, మెట్లు చాలా ఉన్నాయి. అమ్మా నేనూ దిగాం. రంగు లైట్ల కింద సున్నపురాయి ఆకారాలు. నీటిచుక్కలు పడీ పడీ పైనుంచి వేలాడే స్తంభాలు, కింద నుంచి లేచే స్తంభాలు. ఒక్కో అంగుళానికి ఎన్ని తరాలు పట్టిందో. అమ్మ శివలింగానికి దణ్ణం పెట్టుకుంది. పైకొచ్చాక నలుగురం వెదురు బొంగు చికెన్ తిన్నాం, కాఫీ తాగాం. దూరంగా లోయ అడుగున సన్నటి గీతలా గోస్తని. నాన్న దాన్నే చూస్తూ, "భీమిలిలో చూసింది ఇదే" అన్నారు. అమ్మ అడిగింది, "నీళ్లు అక్కడికి వెళ్లడానికి ఎన్ని రోజులు పడుతుంది?" ఎవరికీ తెలీదు.

తిరుగు ప్రయాణంలో నాన్న చెప్పింది ఒక్కటే. "ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. న్యూట్రల్ వద్దు, క్లచ్ పట్టుకుని జారనివ్వొద్దు." పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తక్కువ గేర్లో ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. అది వదిలేస్తే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. దిగేసరికి అవి వేడెక్కి, అవసరమైనప్పుడు పట్టవు. రెండో గేర్లో, మధ్యమధ్యలో రెండు బ్రేకులూ తాకిస్తూ దిగాను. ఇసక కనబడిన చోట బండి నిలబెట్టి, వేళ్లు తీసేశాను.

సాయంత్రం నేనే ముందు ఇల్లు చేరాను. మెట్ల కింద బండి పెట్టి, టీ పెట్టి, వాళ్ల కోసం ఎదురుచూశాను. ఫోన్ చూసుకుంటూ, గేటు వైపు చూస్తూ. ఇన్నేళ్లూ అమ్మ చేసిన పని అదే అని అప్పుడు తెలిసింది.

రాత్రి ఆటో దిగిన నాన్న ఇంట్లోకి రాలేదు. తిన్నగా మెట్ల కిందకి వెళ్లారు. మీటరు చూశారు, టైరుకి అంటిన ఎర్రమట్టి చూశారు. కుడి చేత్తో ముందు బ్రేకు లివరు ఒకసారి పిండి వదిలారు.

"కొంచెం లూజయ్యింది. రేపు బిగిద్దాం, స్పానర్ నువ్వు పట్టుకో" అన్నారు.